గాంధీ లాయర్ ఆఫీసుకి వచ్చిన మూడు గొడవలు: బాకీ, ఉద్యోగం, స్థలం

 

మన ఊళ్లల్లో పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు. కోర్టుకెళ్లి ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అని. వినగానే నవ్వొస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. గెలిచినవాడు ఎందుకు ఏడవాలి? తీర్పు చేతిలో ఉంది కదా?

ఈ ప్రశ్నకి జవాబు ఒక లాయర్ ఆఫీసులో వెతుకుదాం. ఆయన దగ్గరికి వచ్చినవి ఇవాళ మన ఇళ్లల్లో నడుస్తున్న గొడవల్లాంటివే. బిజినెస్‌లో ఇవ్వాల్సిన బాకీ, పనిచేసే చోట ఓనర్ దెబ్బలు, ఉంటున్న స్థలం మీద మున్సిపాలిటీతో తగాదా. ఆ లాయర్ పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

నోటు మీద బొమ్మ, చేతికర్ర, రాట్నం... ఆ గాంధీని కాసేపు పక్కన పెడదాం. ఇవాళ మనకి కావాల్సింది కోటు వేసుకుని, ఫైళ్లు పట్టుకుని సౌత్ ఆఫ్రికా కోర్టుల చుట్టూ తిరిగిన గాంధీ. అటూ ఇటూగా 20 ఏళ్లు ఆయనకి అన్నం పెట్టింది ఆ పనే. ఆ 20 ఏళ్లలో ఎక్కువ టైమ్ కేసులు వాదించడానికి కాదు, బయట రాజీలు కుదర్చడానికే పోయిందని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు.

అలాగని మొదటి రోజు నుంచే తోపు లాయర్ అనుకోకండి. 1891 జూన్‌లో లండన్‌లో బారిస్టర్ అయ్యారు. ఇండియాకి వచ్చి బొంబాయిలో మొదటి కేసు పట్టారు. చిన్న కేసే, ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నలు అడగడానికి లేచారు. కాళ్లు వణికాయి, తల తిరిగింది, ఒక్క ప్రశ్న కూడా నోటికి రాలేదు. కూర్చుండిపోయారు. ఫీజు వెనక్కిచ్చేసి, వేరే లాయర్‌ని పెట్టుకోమని చెప్పి బయటికొచ్చేశారు. ఆ వేరే లాయర్ 51 రూపాయలు తీసుకున్నాడు. తర్వాత గాంధీ 75 రూపాయల జీతానికి ఇంగ్లిష్ టీచర్ పోస్టుకి అప్లై చేస్తే, గ్రాడ్యుయేట్ కాదని అది కూడా ఇవ్వలేదు. అంటే లండన్ బారిస్టర్ డిగ్రీ ఉండి, ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయిన కుర్రాడన్నమాట. మనలో చాలామందికి తెలిసిన పరిస్థితే!

అలాంటి టైమ్‌లో, 1893లో, పోర్‌బందర్ నుంచి ఒక ఆఫర్ వచ్చింది. దాదా అబ్దుల్లా అండ్ కంపెనీకి సౌత్ ఆఫ్రికాలో పెద్ద కేసు ఉంది. అక్కడి లాయర్లకి గుజరాతీ రాదు, ఈ షావుకార్లకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. మధ్యలో ఉండి సాయం చేయడానికి ఒక మనిషి కావాలి. ఏడాదికి 105 పౌండ్లు, రానుపోను ఫస్ట్ క్లాస్ ఛార్జీలు, తిండీ వసతీ వాళ్లవే. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఒక ఏడాది ఆన్‌సైట్ కాంట్రాక్ట్.

మొదటి గొడవ: 40 వేల పౌండ్ల బాకీ

కేసు ఏంటంటే, దర్బన్‌లో ఉన్న దాదా అబ్దుల్లా సేఠ్‌కి ప్రిటోరియాలో ఉన్న తయ్యబ్ సేఠ్ 40 వేల పౌండ్లు ఇవ్వాలి. ఇదీ దావా. గాంధీ జీతంతో పోల్చండి. 105 పౌండ్ల లెక్కన 40 వేలు సంపాదించాలంటే దాదాపు 380 ఏళ్లు పనిచేయాలి. అంత పెద్ద కేసు.

ఇంకో విషయం. ఈ ఇద్దరు షావుకార్లూ ఒకే ఊరి వాళ్లు, పైగా చుట్టాలు.

గాంధీ వెళ్లి ఫైల్ తెరిస్తే అంతా లెక్కలే. ఆయనకి లెక్కల పుస్తకం చదవడమే రాదు. గుమాస్తాలు పీ నోట్ అంటుంటే అదేంటో తెలియక, తర్వాత అది ప్రామిసరీ నోటు అని తెలుసుకున్నారు. బుక్ కీపింగ్ మీద ఒక పుస్తకం కొనుక్కుని కూర్చుని నేర్చుకున్నారు. తర్వాత ప్రిటోరియా వెళ్లి ప్రతి ఉత్తరం, ప్రతి పద్దు, ప్రతి లావాదేవీ చదివారు. దర్బన్ నుంచి ప్రిటోరియాకి వెళ్లే ఆ ప్రయాణంలోనే పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో ఆయన్ని రైల్లోంచి దింపేశారు. ఆ కథ మీ అందరికీ తెలుసు. ఆ రైలు ఎందుకు ఎక్కారు అంటే మాత్రం చాలామంది చెప్పలేరు. ఎక్కింది ఈ బాకీ కేసు కోసం.

నేను ఇంజనీర్‌గా పనిచేసిన రోజుల్లో ఒక రూల్ ఉండేది. ఎవరిది తప్పు అని మీటింగ్‌లో అరుచుకునే ముందు లాగ్స్ చదువు. గాంధీ చేసింది అదే. చట్టం పుస్తకాలకంటే ముందు అసలు జరిగిందేంటో చూశారు. మొత్తం చదివాక రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, తన క్లయింట్ వైపు న్యాయం గట్టిగా ఉంది, కేసు గెలుస్తారు. రెండు, గెలిచేలోపు ఇద్దరూ మునిగిపోతారు.

ఎలా అంటారా? రెండు వైపులా పెద్ద పెద్ద లాయర్లు. ఫీజులు రోజురోజుకీ పెరుగుతున్నాయి. గెలిచినవాడికి ఓడినవాడు ఖర్చులు కట్టాలనే రూల్ ఉంది, నిజమే. కానీ కోర్టు లెక్కగట్టే ఖర్చు వేరు, మీరు మీ లాయర్‌కి నిజంగా ఇచ్చే ఖర్చు వేరు. ఆ తేడా గెలిచినవాడి జేబులోంచే పోతుంది. ఇదిగో, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడవడానికి మొదటి కారణం ఇదే. డబ్బు సంగతి అలా ఉంచితే, షావుకార్లిద్దరూ కేసు మీదే పడి వ్యాపారం గాలికొదిలేశారు. ఒకరి మీద ఒకరికి కోపం పెరుగుతోంది.

గాంధీ తయ్యబ్ సేఠ్‌ని కలిశారు. ఇద్దరికీ నమ్మకమున్న ఒక మధ్యవర్తిని పెట్టుకుందాం, కోర్టు వద్దు అని నచ్చజెప్పారు. చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు. మధ్యవర్తి ముందు వాదనలు జరిగాయి. దాదా అబ్దుల్లా గెలిచారు. 37 వేల పౌండ్లు, పైన ఖర్చులు.

చాలా కథలు ఇక్కడ ఆగిపోతాయి. మన హీరో కేసు గెలిచాడు, ఎండ్ కార్డ్. కానీ గాంధీకి అసలు పని ఇక్కడే మొదలైంది.

తయ్యబ్ సేఠ్ దగ్గర 37 వేల పౌండ్లు ఒక్కసారిగా లేవు. కట్టమంటే ఐపీ పెట్టాల్సిందే. అక్కడున్న పోర్‌బందర్ మెమన్ వ్యాపారుల్లో దివాలా తీయడమంటే చావుకంటే ఎక్కువ. ఆయన కట్టాలనే అనుకుంటున్నారు, ఒక్క పైసా తగ్గించమని కూడా అడగట్లేదు. టైమ్ కావాలి, అంతే. సో, దారి ఒకటే: వాయిదాల మీద తీసుకోవడం. దీనికి దాదా అబ్దుల్లా ఒప్పుకోవాలి. గెలిచిన మనిషిని, నీ డబ్బు నువ్వు నిదానంగా తీసుకో అని ఒప్పించాలి! ఇద్దరినీ మధ్యవర్తి దగ్గరికి తీసుకురావడంకంటే ఇది ఎక్కువ కష్టమైందని గాంధీ రాశారు. చివరికి దాదా అబ్దుల్లా చాలా ఏళ్ల పాటు సాగే వాయిదాలకి ఒప్పుకున్నారు. డబ్బు ఆయనకి వచ్చే దారి దొరికింది. పరువు తయ్యబ్ సేఠ్‌కి మిగిలింది. బంధుత్వం ఇద్దరికీ మిగిలింది.

ఇవాళ్టి ఎపిసోడ్‌లో అసలు పాయింట్ ఇదే. తీర్పు రావడం వేరు, గొడవ తీరడం వేరు. తీర్పు వచ్చిన మర్నాడు ఎవరు ఎలా బతుకుతారో ఎవరో ఒకరు ఆలోచిస్తేనే గొడవ తీరుతుంది. మిగతా రెండు కేసులు కూడా ఈ మర్నాడు అనే కళ్లద్దాలతోనే చూద్దాం.

ముందు ఇక్కడే ఇంకో చిన్న సంగతి. తర్వాతి ఏళ్లలో ఇలాంటిదే ఇంకో లెక్కల కేసు వచ్చింది. కోర్టు పెట్టిన మధ్యవర్తులు గాంధీ క్లయింట్‌కి అనుకూలంగా తీర్పిచ్చారు. కానీ లెక్కల్లో ఒక పొరపాటు ఉంది. జమ వైపు పడకూడని ఒక పద్దు జమలో పడింది, అది గాంధీ క్లయింట్‌కి లాభం. అవతలివాళ్లు ఆ తీర్పుని వేరే కారణాలతో సవాలు చేశారు. ఈ పొరపాటు మనమే ఒప్పుకోవాలి అన్నారు గాంధీ. సీనియర్ లాయర్ పిచ్చా నీకు అన్నట్టు చూశారు. ఒప్పుకుంటే మొత్తం తీర్పే కొట్టేయొచ్చు కదా! క్లయింట్ మాత్రం సరే అన్నాడు. సీనియర్ నేను వాదించను అంటే గాంధీయే లేచారు. జడ్జికి కూడా మొదట ఇందులో ఏదో మెలిక ఉందని అనుమానం వచ్చింది. చివరికి పొరపాటు దిద్ది, తీర్పుని అలాగే నిలబెట్టారు. మన బగ్ మనమే రిపోర్ట్ చేస్తే రిలీజ్ ఆగిపోతుందని భయపడతాం. చాలాసార్లు ఆ తర్వాతే అవతలివాళ్లు మన మాట నమ్మడం మొదలుపెడతారు. మధ్యవర్తిత్వం నడిచేదే ఆ నమ్మకం మీద.

రెండో గొడవ: బాలసుందరం పళ్లు

బాకీ కేసు అయిపోయాక గాంధీ వెనక్కి రావాలి. రాలేదు. 1894లో నటాల్ సుప్రీంకోర్టులో అడ్వొకేట్‌గా చేరారు. అక్కడి లా సొసైటీ అడ్డుపడింది, కోర్టు దాన్ని పట్టించుకోలేదు. దర్బన్ వ్యాపారులు తమ పనులకి ఆయన్ని పెట్టుకున్నారు. క్లయింట్లందరూ డబ్బున్నవాళ్లే.

అప్పుడొక రోజు ఆఫీసు గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. చిరిగిన బట్టలు, ముందు పళ్లు రెండు విరిగాయి, నోట్లోంచి రక్తం, ఏడుస్తున్నాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకంటే కూలీవాడు తెల్లవాడి ముందుకెళ్తే తలపాగా తీయాలి. గాంధీ ముందు కూడా తీయాలనుకున్నాడు పాపం. కట్టుకో అన్నారు గాంధీ. అతని పేరు బాలసుందరం, తమిళుడు. దర్బన్‌లో పేరున్న ఒక తెల్ల యజమాని దగ్గర గిర్మిట్ కూలీ. యజమాని కోపంలో కొట్టిన దెబ్బలకి ఆ పళ్లు పోయాయి.

గిర్మిట్ అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే ఇది మన కథ కూడా. అగ్రిమెంట్ అనే మాట కూలీల నోళ్లలో నలిగి గిర్మిట్ అయింది. 1860 నవంబర్‌లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దర్బన్ చేరింది. అక్కడి నుంచి 1911 దాకా లక్షా 52 వేల మందికి పైగా భారతీయులు ఇలా నటాల్‌కి వెళ్లారు. మద్రాసులో ఓడెక్కినవాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఉత్తరాంధ్ర వైపు నుంచి, చిత్తూరు వైపు నుంచి వెళ్లి చెరకు తోటల్లో పనిచేశారు. వాళ్ల పిల్లలూ మనవలే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

కాంట్రాక్ట్ 5 ఏళ్లు. మొదటి ఏడాది జీతం నెలకి 10 షిల్లింగులు. జీతంకంటే ముఖ్యమైన క్లాజ్ ఇంకోటుంది. మామూలు పనివాడు చెప్పకుండా పని మానేస్తే యజమాని సివిల్ కోర్టుకెళ్లొచ్చు, అంతే. గిర్మిట్ కూలీ మానేస్తే అది క్రైమ్, జైల్లో పెట్టొచ్చు. అంటే దెబ్బలు తిన్నా రిజైన్ చేసే బటనే లేదు! బయటపడాలంటే రెండే దారులు. కూలీల రక్షణ కోసం పెట్టిన ప్రొటెక్టర్ అనే అధికారి కాంట్రాక్ట్ రద్దు చేయాలి లేదా వేరే యజమానికి మార్చాలి. లేదంటే యజమానే వదిలేయాలి.

గాంధీ ఏం చేశారో వరసగా చూడండి. ముందు ఒక తెల్ల డాక్టర్ దగ్గరికి పంపి గాయాలకి సర్టిఫికెట్ తీసుకున్నారు. అంటే ముందు ఎవిడెన్స్. వెంటనే మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్లారు. మేజిస్ట్రేట్‌కి ఆ కాగితం చూసి కోపమొచ్చింది, యజమానికి సమన్లు పంపారు. ఇప్పుడు గాంధీ చేతిలో పట్టు ఉంది. ఆ పట్టుతో యజమానిని జైలుకి పంపడానికి చూడొచ్చు. మన సినిమాల్లో అయితే అదే క్లైమాక్స్.

కానీ మర్నాడు? యజమానికి శిక్ష పడినా బాలసుందరం మళ్లీ అదే ఇంట్లో, అదే కాంట్రాక్ట్ కింద పనిచేయాలి. అందుకే గాంధీ నేరుగా యజమాని దగ్గరికే వెళ్లారు. నీకు శిక్ష వేయించడం నాకు ముఖ్యం కాదు, ఇతన్ని వేరే చోటికి మార్చడానికి ఒప్పుకో చాలు అన్నారు. యజమాని ఒప్పుకున్నాడు. ప్రొటెక్టర్ దగ్గరికి వెళ్తే ఆయనా సరే అన్నారు, కానీ కొత్త యజమానిని నువ్వే వెతుక్కురా అన్నారు. అది తెల్లవాడే అయ్యుండాలి, ఎందుకంటే గిర్మిట్ కూలీని పెట్టుకునే హక్కు భారతీయులకి లేదు. గాంధీ తనకు తెలిసిన ఒక ఇంగ్లిష్ ఆయన్ని అడిగి ఒప్పించారు. మేజిస్ట్రేట్ పాత యజమాని నేరం చేశాడని తేల్చి, కాంట్రాక్ట్ మార్చడానికి ఒప్పుకున్నాడని రికార్డు చేశారు.

యజమానికి శిక్ష పడలేదు కదా, ఇది న్యాయమా అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. రెండు పళ్లకి ఎవరు లెక్క చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కానీ బాలసుందరం అడిగింది పగ కాదు, ఆ ఇంట్లోంచి బయటపడే దారి. అది దొరికింది. ఆ కబురు తోటల్లో పాకింది. కూలీల కోసం కూడా మాట్లాడే లాయర్ ఒకడున్నాడని మద్రాసు దాకా వార్త వెళ్లిందని గాంధీ రాశారు. షావుకార్ల లాయర్ దగ్గరికి కూలీలు రావడం అక్కడి నుంచే మొదలైంది.

ఒక్క కేసు తీరిందంటే రూల్ మారినట్టు కాదు, ఇది కూడా గుర్తుపెట్టుకోండి. మరుసటి ఏడాదే, 1895లో, గిర్మిట్ అయిపోయాక అక్కడే ఉండాలనుకునే కూలీల మీద ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేస్తూ చట్టం తెచ్చారు. మొదట 25 పౌండ్లు వేయాలనుకున్నారు. ఆ 3 పౌండ్ల పన్ను పోవడానికి 1914 దాకా పట్టింది. మధ్యలో సమ్మెలు, జైళ్లు, ప్రాణాలు. అంటే రాజీతో తీరే గొడవలు కొన్ని, పోరాడితే తప్ప తీరనివి కొన్ని. ఏది ఏదో తెలుసుకోవడమే లాయర్ తెలివి.

మూడో గొడవ: 70 కేసులు, ఒక్క ఓటమి

ఇప్పుడు దర్బన్ నుంచి జోహనెస్‌బర్గ్ వెళ్దాం. 1903లో గాంధీ అక్కడ అటార్నీగా కొత్త ఆఫీసు తెరిచారు. ఆ ట్రాన్స్‌వాల్ ప్రాంతంలో 1885 నుంచి ఒక చట్టం ఉంది. భారతీయులు స్థలం కొనుక్కోవడానికి వీల్లేదు, ప్రభుత్వం చూపించిన వాడల్లో తప్ప. ఆ వాడల్ని లొకేషన్ అనేవాళ్లు. జోహనెస్‌బర్గ్‌లో మనవాళ్ల వాడని కూలీ లొకేషన్ అనేవాళ్లు. ఇవాళ వాట్సాప్‌లో లొకేషన్ పంపు అంటాం కదా. ఆ రోజుల్లో మనవాళ్లకి ఆ మాట తిట్టులా వినపడేది.

అక్కడ ఇళ్ల స్థలాలు 99 ఏళ్ల లీజు మీద ఉండేవి. జనం పెరిగారు, స్థలం పెరగలేదు. మున్సిపాలిటీ డ్రైనేజీ చూడదు, రోడ్డు వేయదు, దీపం పెట్టదు. వాడ మురికైపోయింది. అప్పుడు అదే మున్సిపాలిటీ, మీ వాడ మురికిగా ఉంది, ఖాళీ చేయండి అంది. చట్టసభ నుంచి అధికారం తెచ్చుకుని స్థలం తీసుకోవడానికి సిద్ధమైంది.

లీజు హక్కు ఉంది కాబట్టి నష్టపరిహారం ఇవ్వాలి. దాని కోసం ఒక ట్రిబ్యునల్ పెట్టారు. రూల్ ఇలా ఉంది: మున్సిపాలిటీ ఒక రేటు చెబుతుంది. నచ్చకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ట్రిబ్యునల్ అంతకంటే ఎక్కువ ఇస్తే కోర్టు ఖర్చులు మున్సిపాలిటీ కట్టాలి. భూసేకరణ గొడవలు చూసిన మన రైతులకి ఇదంతా కొత్తగా అనిపించదు.

వాడలో ఎక్కువమంది గాంధీనే పెట్టుకున్నారు. ఆయన ఫీజు డీల్ చాలా క్లియర్. గెలిస్తే ట్రిబ్యునల్ ఇప్పించే ఖర్చులు నాకు. గెలిచినా ఓడినా ఒక్కో లీజుకి 10 పౌండ్లు. పరిహారంలో పర్సంటేజ్ లేదు. మీరిచ్చే ఆ ఫీజులో కూడా సగం పేదల కోసం ఆసుపత్రి లాంటి ఒక దానికి పక్కన పెడదాం అన్నారు. దాదాపు 70 కేసులు నడిపారు. ఓడింది ఒక్కటే. వచ్చిన ఫీజుల్లో 1,600 పౌండ్ల దాకా ఇండియన్ ఒపీనియన్ అనే ఆయన పత్రిక మింగేసింది, అది వేరే కథ.

స్కోర్‌బోర్డ్ చూస్తే ఇది ఆయన కెరీర్‌లో బెస్ట్ సీజన్. 70కి 69!

మరి మర్నాడు?

పరిహారం వచ్చింది. స్థలం మున్సిపాలిటీది అయిపోయింది. కానీ ఈ జనాన్ని ఎక్కడికి పంపాలో మున్సిపాలిటీ దగ్గర జవాబు లేదు. సో, వాళ్లు అక్కడే ఉన్నారు, నిన్నటిదాకా ఓనర్లు, ఇవాళ అద్దెకున్నవాళ్లు. ఓనర్‌గా ఉన్నప్పుడు ఎంతో కొంత శుభ్రం చేసుకునేవాళ్లు, భయంతోనో బాధ్యతతోనో. ఇప్పుడు ఇల్లు నాది కాదు కదా అని వదిలేశారు. మున్సిపాలిటీ ఎలాగూ పట్టించుకోలేదు. ఇంకా ఎక్కువ మంది వచ్చి చేరారు.

1904 మార్చిలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. బంగారు గనిలో పనిచేసే 23 మంది భారతీయులు జబ్బుతో వాడకి వచ్చారు. ఖాళీగా ఉన్న ఒక ఇంటి తాళం పగలగొట్టి వాళ్లని అందులో పెట్టారు. గాంధీ, ఆయన ఆఫీసు కుర్రాళ్లు, ఒక డాక్టర్ కలిసి రాత్రంతా సేవ చేశారు. ఆ 23 మందిలో బతికింది ఇద్దరే. తర్వాత వాడ మొత్తాన్ని ఖాళీ చేయించి, క్లిప్‌స్ప్రూట్ అనే చోట గుడారాల్లో పెట్టి, పాత వాడని తగలబెట్టారు.

వెళ్లేముందు జనం ఒక పని చేశారు. ఇళ్లల్లో గోతులు తవ్వి దాచుకున్న డబ్బంతా బయటికి తీశారు. వాళ్లకి బ్యాంకంటే తెలియదు. ఆ డబ్బు తెచ్చి తమ లాయర్ చేతిలో పెట్టారు. గాంధీ తన బ్యాంకులో వేయించారు. దాదాపు 60 వేల పౌండ్లు. ఒక్కసారి ఊహించండి, రసీదు కూడా చదవలేని మనుషులు! 69 కేసులు గెలవడంకంటే ఇది పెద్ద విషయం అంటాను నేను.

కానీ ప్రాణాలు పోయాయి. ఇల్లు ఎంత, రేటు ఎంత అనే ప్రశ్నకి ట్రిబ్యునల్ జవాబు చెప్పింది. వీళ్లు రేపు ఎక్కడ పడుకుంటారు అనే ప్రశ్న ఎవరి ఫైల్లోనూ లేదు. పరిహారం వేరు, పునరావాసం వేరు. ప్రాజెక్టుల కింద ఊళ్లు మునిగిన మన జిల్లాల్లో ఈ తేడా ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఇంకో విషయం కూడా చెప్పాలి, దాచితే అది చరిత్ర కాదు. ప్లేగుకి ముందు నెల గాంధీ మున్సిపాలిటీ హెల్త్ ఆఫీసర్‌కి ఉత్తరాలు రాసి హెచ్చరించారు. ఆ ఉత్తరాల్లోనే, ఆఫ్రికన్లని భారతీయుల వాడలో కలిపి ఉంచొద్దు, వేరు చేయండి అని కూడా అడిగారు. తన జనం మర్నాడు గురించి అంత ఆలోచించిన మనిషికి, పక్కింటి ఆఫ్రికన్ మర్నాడు అప్పట్లో కనిపించలేదు. ఆఫ్రికన్లని కూడా అదే క్లిప్‌స్ప్రూట్‌కి, మురుగునీటి పొలం పక్కకి తరలించారు. భారతీయులు కొన్నాళ్లకి బయటికొచ్చారు, ఆఫ్రికన్లు అక్కడే ఉండిపోయారు. ఆ ప్రాంతమే తర్వాత సొవెటోలో భాగమైంది. ఆయన్ని తిట్టడానికి ఇది చెప్పట్లేదు, పొగడటానికే ఉన్న ఎపిసోడ్ కూడా కాదు ఇది. ఎంత మంచి మధ్యవర్తికైనా ఎవరి బాధ కనిపిస్తుంది, ఎవరిది కనిపించదు అనేది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

సౌత్ ఆఫ్రికా తర్వాత

ఇండియాకి తిరిగొచ్చాక గాంధీ కోర్టు ప్రాక్టీస్ చేయలేదు. కానీ ఆ లాయర్ బుర్ర ఎక్కడికీ పోలేదు. 1918లో అహ్మదాబాద్ బట్టల మిల్లుల గొడవ చూడండి. ప్లేగు టైమ్‌లో ఇచ్చిన బోనస్ ఆపేశారు. కార్మికులు జీతం 50 శాతం పెంచమన్నారు, ఓనర్లు 20 అన్నారు. గాంధీ లెక్కలు చూసి 35 న్యాయం అన్నారు. ఓనర్ల వైపు నాయకుడు అంబాలాల్ సారాభాయ్, కార్మికుల వైపు ఆయన సొంత అక్క అనసూయ. మళ్లీ ఒకే ఇంట్లో గొడవ!

మిల్లులు మూతపడ్డాయి, కార్మికులు ఆకలికి నీరసపడ్డారు, గాంధీ నిరాహారదీక్షకి కూర్చున్నారు. మూడు రోజులకి రాజీ కుదిరింది. ఫార్ములా ఇది. మొదటి రోజు 35 శాతం, కార్మికుల శపథం నిలబడటానికి. రెండో రోజు 20 శాతం, ఓనర్ల మాట నిలబడటానికి. మూడో రోజు నుంచి మధ్యలో 27.5 శాతం, మధ్యవర్తి తేల్చేదాకా. నవ్వొస్తుందా? కానీ తయ్యబ్ సేఠ్ వాయిదాలు గుర్తు తెచ్చుకోండి. ఇద్దరూ తలెత్తుకుని ఇంటికెళ్లాలి, లేకపోతే రేపు మళ్లీ ఒకే మిల్లులో పనిచేయలేరు. చివరికి మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ 35 శాతమే ఇచ్చారు. తన దీక్ష వల్ల ఓనర్ల మీద ఒత్తిడి పడిందని, అది ఆ రాజీకి ఒక మచ్చ అని గాంధీయే ఒప్పుకున్నారు.

1920లో మజూర్ మహాజన్ అనే కార్మిక సంఘం పుట్టింది. గొడవ వస్తే ముందు మధ్యవర్తుల దగ్గరికి, సమ్మె ఆ తర్వాతే అనే పద్ధతి అక్కడ నడిచింది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. ఈ దారి ఇవాళ చట్టంలోనే ఉంది, మనకి తెలియదంతే. లోక్ అదాలత్‌లో కేసు రాజీ అయితే కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, దాని మీద అప్పీల్ ఉండదు. పెద్ద బిజినెస్ గొడవల్లో అర్జెంటు ఆర్డర్ అవసరం లేకపోతే, దావా వేయడానికి ముందు మీడియేషన్‌కి వెళ్లి తీరాలి. 2023లో మీడియేషన్ కోసమే ఒక చట్టం వచ్చింది. 2021 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్ మొదలైంది.

కానీ చట్టం గది చూపిస్తుంది, కుర్చీ వేస్తుంది. ఆ కుర్చీలో కూర్చుని అడగాల్సిన ప్రశ్న మాత్రం మనదే. అపార్ట్‌మెంట్ బిల్డర్‌తో గొడవైనా, పార్ట్‌నర్‌తో స్టార్టప్ లెక్క తేలకపోయినా, కంపెనీ రిలీవింగ్ లెటర్ ఆపినా, లాయర్ దగ్గరికెళ్లి మనం మొదట అడిగేది ఒకటే: సార్, గెలుస్తామా? దానితో పాటు ఇంకోటి అడగండి. గెలిచిన మర్నాడు నా చేతికి ఏమొస్తుంది, ఎప్పుడొస్తుంది, అవతలివాడు అది ఇవ్వగలిగే స్థితిలో ఉంటాడా?

ఈ ప్రశ్న అడిగించుకోవడం ఇష్టంలేని లాయర్ అయితే, ఇంకో లాయర్‌ని చూసుకోండి.

మీ ఇంట్లోగానీ, ఊళ్లోగానీ కోర్టుకెళ్లకుండా తీరిన గొడవ ఉంటే, పేర్లు చెప్పకుండా కామెంట్స్‌లో రాయండి. గెలిచి కూడా ఏడ్చిన కథ ఉంటే అది కూడా రాయండి.